నాయన ఎత్తిన చెయ్యి

నంద్యాల
ఫిబ్రవరి 1998

ఎండలో నిలబడి నిలబడి నల్లబడిపోయిన మా నాయనకు,

నీ పాప లూదియా రాస్తోంది. ముందు బాగోగులు రాయాలి కాబట్టి రాస్తున్నాను. కాలి కట్టు విప్పారు. ఎముక అతుక్కుంది కానీ ఎడమ కాలు కాస్త పొట్టిదైంది. నడిస్తే ఒక పక్కకి ఒరుగుతున్నాను. పెద్దమ్మ గోవిందమ్మ రోజూ పొద్దున్నే నూనె రాచి, "మ్మే, గోడ పట్టుకోకుండా నడు. కుంటిదాన్ని యెవురు కట్టుకుంటారే" అని తిడుతుంది. అమ్మ పోయాక నన్ను తిట్టే దిక్కు లేదనుకున్నాను. ఆ లోటు ఈమె బాగా తీరుస్తోంది.

నువ్వు ఆసుపత్రికి ఒక్కసారి వచ్చావు. మంచం కాళ్ళ దగ్గర నిలబడి సంచిలోంచి బత్తాయిలు తీసి పెట్టావు. డాక్టరేమన్నాడని పెద్దమ్మను అడిగావు కానీ నన్ను అడగలేదు. నా మొహం కూడా చూడలేదు. ఒక బత్తాయి నువ్వే ఒలిచి, తొనలు నా చేతిలో పెట్టి, "వస్తా పాపా, గేటు కాడ యెవురూ ల్యారు" అని వెళ్ళిపోయావు. కాలు విరిగిన నొప్పికి మాత్రలిచ్చారు నాయనా. ఆ మాటకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నొప్పి పెట్టిందని రాస్తున్నాను, దాచుకోవడం నాకు చేతకాదు.

ఇప్పుడు అసలు సంగతి. కొండయ్య గారి మీద కేసు వేశాను. ఉత్తరం కింద పెట్టి తల పట్టుకోకు, పూర్తిగా చదువు. ఇక్కడ శేషాద్రి గారని ఒక పెద్ద వకీలు ఉన్నారు. వాళ్ళది అహోబిలం. మాట మెత్తగా ఉంటుంది కానీ కాగితం మీద పెడితే గట్టిగా ఉంటుందట. ఆయన మొదట అడిగింది నా కాలు గురించి కాదు. "మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?" అని అడిగారు. వాచ్‌మన్ అన్నాను. అంటే ఏం చేస్తాడన్నారు. చెప్పాను.

ఆళ్ళగడ్డ బయట, నంద్యాల రోడ్డు పక్కన కొండయ్య గారి బియ్యం మిల్లు ఉంది. మిల్లు నుంచి పెద్దరోడ్డు దాకా మట్టిదారి, దారి చివర గేటు, గేటు పక్కన గది, గదిలో మా నాయన సుంకన్న. కొండయ్య గారు తన తెల్ల అంబాసిడర్ ఎక్కి మిల్లు దగ్గర హారన్ కొట్టగానే మా నాయన గేటు బార్లా తీస్తాడు. ఎర్రగుడ్డ పట్టుకుని పెద్దరోడ్డు మీదికి పరిగెత్తి చెయ్యి అడ్డం పెడతాడు. బస్సయినా ఎద్దులబండయినా గడ్డిమోపు మోసే ముసలమ్మయినా అక్కడే ఆగిపోవాలి. కారు వేగం తగ్గకుండా రోడ్డెక్కి వెళ్ళిపోతుంది. అప్పుడు మా నాయన చెయ్యి దించుతాడు. అప్పుడు లోకం కదులుతుంది. ఇదీ మా నాయన పని అన్నాను.

శేషాద్రి గారు కలం కింద పెట్టారు. "పక్కదారి నుంచి వచ్చేవాడు ఆగి, పెద్దరోడ్డు మీద పోయేవాళ్ళకు దారివ్వాలమ్మా. చట్టం అది. మీ దగ్గర తలకిందులుగా ఉందే" అన్నారు.

"ఆ చట్టం ఆళ్ళగడ్డ బస్సు ఎక్కలేదేమో సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. పోయిన నవంబరులో, టీకాల బుధవారం నాడు, మందుల పెట్టె మోపెడ్ వెనక కట్టుకుని నేను నర్సు డ్యూటీ మీద పల్లెలకు పోతుంటే ఆ కారు మట్టిదారిలోంచి వచ్చి నన్ను కొట్టిన సంగతి మొత్తం రాసుకున్నారు. ఆ రోజు మీ నాన్న చెయ్యి ఎత్తాడా అని అడిగారు. ఆ ఒక్కదానికి మాత్రం తర్వాత చెప్తానన్నాను. ఏం జరిగిందో నీకూ నాకూ తెలుసు. నీతో మాట్లాడకుండా ఇంకొకరికి చెప్పబుద్ధి కాలేదు.

మొన్న మిల్లు గుమాస్తా శివకుమార్ వచ్చాడు. మిఠాయి పొట్లం, ఒక కాగితం తెచ్చాడు. "కోర్టు ఇచ్చేదానికంటే సారు యెక్కువే ఇస్తాడంట. దుడ్లకు ఎనకాడేది లేదు. నువ్వు ఆగకుండా వచ్చినావు, తప్పు నీదేనని ఈడ సంతకం పెట్టు, చాలు" అన్నాడు. పోలీసు కేసు కూడా దాంతోనే పోతుందట. మిఠాయి పెద్దమ్మ తీసుకుంది, కాగితం నేను తిప్పి ఇచ్చాను. కాలు పోయింది నాది. తప్పు కూడా నాదేనని రాసివ్వాలా నాయనా? ఆయనకు పోయిందేమిటి మరి, కారు ముందు దీపమా?

నువ్వేమంటావో నాకు తెలుసు. అయినా రాయి.

కుంటుతున్నా వంగని నీ కూతురు,
లూదియా


నంద్యాల
ఏప్రిల్ 1998

మొండి కూతుర్ని కన్న మెత్తని నాయనకు,

నీ కార్డు వచ్చింది. ఐదో తరగతి దాకానే చదివినా నీ అక్షరాలు నా వాటికంటే గుండ్రంగా ఉంటాయి, మాటలే గుండ్రంగా లేవు. "పాపా, కొండయ్య సారు మంచోడు. మీ యమ్మ పోయినప్పుడు పెట్టె కొనిచ్చినోడు. నీకు నర్సు ట్రైనింగులో సీటు ఇప్పిచ్చినోడు. పెద్దోళ్ళతో మనకేల. బేగా సంతకం పెట్టు" అని రాశావు. మూడుసార్లు చదివాను. ఇంకోసారి చదివితే సంతకం పెడతానేమోనని భయపడి ట్రంకుపెట్టెలో వేశాను.

అమ్మకు శవపెట్టె కొనిచ్చిన మాట నిజం. సీటు కోసం కర్నూలుకు ఫోను చేసిన మాటా నిజం. మరిచిపోయేంత పాడుదాన్ని కాదు. కానీ ఆయన మంచివాడు కాదని నేనెక్కడా రాయలేదు. బ్రేకు తొక్కడని రాశాను. మంచివాళ్ళు కూడా బ్రేకు తొక్కాలి కదా. ఆయన పెట్టిన అన్నం అంటావు. ఇన్నేళ్ళు ఎండకీ వానకీ రోడ్డు మీద నిలబడ్డావు, ఆ అన్నం నీ చెయ్యి సంపాదించుకుంది. ఆయన ఊరికే పెట్టలేదు.

ఆయన కూడా వచ్చారు నాయనా, ఈ ఇంటికి, స్వయంగా. నీకు చెప్పారో లేదో. పెద్దమ్మ కుర్చీ తుడిచి వేసి, తను గోడకి అతుక్కుపోయింది. నేను లేవలేదు. కాలు బాగాలేదు కాబట్టి లేవలేదని ఆయన అనుకుని ఉంటారు. అనుకోనీ.

"ఏం పాపా, కావాలని నీ మీదికి పోనిస్తానా నేను? నా కూతురట్లాంటి దానివి" అన్నారు.

"కావాలని గుద్దారని నేననలేదు సార్. ఆగలేదన్నాను."

"ఆ రోడ్డు కాడ నేను యానాడన్నా ఆగినానా? పుట్టినప్పట్నుంచి సూస్తాండావ్ గదా. కొత్తగా ఏందీ ఇది?"

"అందుకే సార్ కేసు వేసింది."

పెద్దమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. కొండయ్య గారికి కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు బాగుండేది. ఆయన చాలా నెమ్మదిగా, నాకేదో నేర్పిస్తున్నట్టు చెప్పారు. "దుడ్లు ఇన్సూరెన్సోడు ఇస్తాడు, నాకేం నొప్పి లేదు. కానీ కొండయ్య తప్పు చేసినాడని కోర్టు కాయితం మీద ఉండగూడదు. మీ నాయన నా మనిషి. నా పక్క సాక్ష్యం చెప్తాడు. ఇంటి పరువు బజార్న పెట్టుకోవాకు" అని చెప్పి లేచారు. పెద్దమ్మ తుడిచిన కుర్చీలో కూడా దుమ్ము అంటినట్టు పంచె దులుపుకుని పోయారు.

అంటే నన్ను తప్పు పట్టడానికి నిన్నే తెస్తారన్నమాట. రానీ. నువ్వు అక్కడ నిలబడతావు, నేను ఇక్కడ నిలబడతాను.

ఆళ్ళగడ్డలో ఏమనుకుంటున్నారో నాకు వినబడుతూనే ఉంది. మన వాడ ఆడవాళ్ళు వచ్చినప్పుడు పరామర్శ ఒక పిడికెడు, బుద్ధి చెప్పడం ఒక గంపెడు. "సూదులేసుకునేదానికి బండెందుకు పాపా, బస్సులో పోరాదూ" అన్నది ఒకామె. ఆమె మనవడికి టీకా వేయడానికి బస్సు పోని ఊరికి నేను ఎట్లా పోయాననుకుందో. మగవాడు పడితే గుద్దినవాడిది తప్పు. ఆడది పడితే ఆమె ఎక్కిన బండిదే తప్పు. ఆ మాట అందరికంటే ముందు నువ్వే అనాల్సినవాడివి. అనకుండా నాకు బండి తోలడం నేర్పించావు, వెనక పట్టుకుని మిల్లు చుట్టూ పరిగెత్తావు. "రోడ్డు మీద ఎడమ పక్కే పో, భయపడి మధ్యలో నిలబడకు" అని నువ్వే చెప్పావు. నీ మాటే విన్నాను నాయనా, ఎడమ పక్కే పోయాను.

సంతకం పెట్టను. ఇది కోపంతో రాయడం లేదు. అన్నం తిని, కడుపు నిండాక రాస్తున్నాను.

నీ మాట వినని, నీ మాటే విన్న,
లూదియా


నంద్యాల
జూలై 1999

నాయనా,

మోపెడ్ మీద కూర్చోబెట్టి నా వెనక పరిగెత్తిన రోజుల్లో నీకు ఎన్ని కబుర్లు చెప్పేదాన్నో, ఇప్పుడు కోర్టు సంగతులు చెప్పాల్సి వస్తోంది. నిన్న నన్ను బోనెక్కించారు. వచ్చే వాయిదాకి నువ్వు ఎక్కుతావు. అందుకే నేనేం చెప్పానో నీకు ముందే తెలియాలి. తర్వాత నీకెవరో చెప్పి, అది వేరే రకంగా చేరకూడదు.

ముందురోజు శేషాద్రి గారు కూర్చోబెట్టి చెప్పారు. "మీ నాన్నగారు చెయ్యెత్తానని చెప్తారు. మీరు చూశానంటే వాళ్ళు సగం తప్పు మీ నెత్తిన వేస్తారు. నేను అబద్ధం చెప్పమని చెప్పనమ్మా. కానీ ఎండ కళ్ళలో పడిందేమో, గుర్తు చేసుకోండి" అన్నారు. ఆయన గుమాస్తా ఇంకా తెలివైనవాడు. దగ్గరలో కాన్పు కేసేదైనా ఉందేమో, అర్జెంటుగా పోతున్నారేమో అన్నాడు. అట్లా అయితే జడ్జి గారికి జాలి కలుగుతుందట.

రాత్రంతా కాదు కానీ అన్నం తినేంతసేపు ఆలోచించాను. ఎండ నా వీపు మీద ఉంది. కళ్ళలో లేదు.

ఇన్సూరెన్సు వకీలు సన్నటి మనిషి, చాలా మర్యాదగా అడిగాడు. సుంకన్న మీకేమవుతాడు అన్నాడు. మా నాయన అన్నాను. ఆ రోజు ఆయన రోడ్డు మీద చెయ్యి అడ్డం పెట్టాడా? పెట్టాడు. మీరు చూశారా? చూశాను. శేషాద్రి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. కారు హారన్ వినబడిందా? వినబడింది. అయినా ఆగలేదు? ఆగలేదు.

"అంత అర్జెంటు పని ఏముండింది?"

"ఏమీ లేదు సార్. ఊరికే పోతున్నా. ఊరికే పోయేవాళ్ళకు కూడా రోడ్డు ఉంటుంది కదా."

ఎవరో నవ్వారు. జడ్జి గారు మాత్రం నవ్వలేదు. ఆయనే నేరుగా అడిగారు, "చెయ్యి చూసి, హారన్ విని ఎందుకమ్మా ఆగలేదు?" అని.

"నేను పెద్దరోడ్డు మీద పోతున్నాను సార్. ఆయన మట్టిదారిలోంచి వస్తున్నారు. ఆగాల్సింది ఆయన. ఆ ఎత్తిన చెయ్యి పోలీసుది కాదు, మా నాయనది. మా నాయనంటే నాకు భయం లేదు, ప్రేమ."

అట్లా అనేశాను. కోర్టులో అనకూడని మాటేమో నాకు తెలియదు. రాసుకునేవాడు చివరి మాట రాసుకోలేదు.

ఇక వాళ్ళెవరూ అడగనిది, నేను ఎవరికీ చెప్పనిది నీకు రాస్తున్నాను. ప్రతి బుధవారం ఆ దారిన పోయేదాన్ని. నువ్వు చెయ్యెత్తితే ఆగేదాన్ని. ఆగినప్పుడు నువ్వు నన్ను ఎరగనట్టు కారు వైపు చూసేవాడివి. అది నాకు సిగ్గుగా ఉండేది కానీ, నీ కొలువు అదీ అని సర్దుకునేదాన్ని. ఆ బుధవారం ఎందుకు ఆగలేదో తెలుసా?

అంతకు ముందు ఆదివారం మన వాడలో మరియమ్మ అవ్వ పోయింది. నాకు పురుడు పోసిన అవ్వ. నీకు కూడా ఆమే పోసిందంటారు. పెట్టె మోసుకుని, పాట పాడుకుంటూ సమాధుల దొడ్డికి నంద్యాల రోడ్డు మీద నడుస్తున్నాం. నేను వెనకాల ఆడవాళ్ళలో ఉన్నాను. మిల్లు దగ్గర హారన్ మోగింది. నువ్వు ఎర్రగుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చి, పెట్టె ముందు చెయ్యి అడ్డం పెట్టావు. శవాన్ని ఆపావు నాయనా. మోసేవాళ్ళు భుజాల మీద బరువుతో నిలబడిపోయారు. పాట ఆగిపోయింది. దారిన శవం పోతుంటే కలెక్టరు జీపు కూడా పక్కకు తీసి నిలబెడతారు, ఇంజను ఆపుతారు. ఎంతటివాడైనా తలగుడ్డ తీస్తాడు. మన దగ్గర మాత్రం శవమే కారుకు దారిచ్చింది. దుమ్ము లేచి పెట్టె మీద పడింది. నువ్వు ఆ దుమ్మును నీ ఎర్రగుడ్డతో తుడిచావు. తుడుస్తూ నా వైపు చూశావు.

బతికినంతకాలం ఆగింది ఆ అవ్వ. చచ్చాక కూడా ఆగాలా? ఆ రాత్రే అనుకున్నాను, నేను మాత్రం ఇక ఆగనని. కారుకు బ్రేకు ఉంది, మనిషిని చూస్తే తొక్కుతాడులే అనుకున్నాను. ఆయనకు ఆ అలవాటే లేదని తట్టలేదు. అంతే. చావాలని కాదు, పౌరుషానికి అడ్డం పోవాలని కాదు. అందరూ పోయినట్టు పోవాలని.

పడ్డాక నేను చూసింది నిన్నే. నీ చెయ్యి ఇంకా పైకే ఉంది. దించడం మరిచిపోయావు. ఆ చెయ్యి నా మీదికి ఎత్తావని ఇన్నాళ్ళూ కుమిలిపోయాను, ఇప్పుడు లేదు. రాసేశాను కాబట్టి పోయింది.

వాయిదాకి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పు. చెయ్యెత్తాననే చెప్పు, నా కోసం ఒక్క మాట మార్చకు. నీ కొలువు పోగొట్టుకోమని నేనడగను. అబద్ధం చెప్పి నన్ను గెలిపించకు, అంతే అడుగుతున్నాను.

నీ బిడ్డ,
లూదియా


నంద్యాల
సెప్టెంబరు 1999

కోర్టు మెట్లు దిగి పారిపోయిన మా నాయనకు,

ఎంత పిలిచాను నిన్ను. పొట్టికాలితో నీ వెనక రాలేనని తెలుసు కదా, కాసేపు నిలబడి ఉండాల్సింది. రోడ్డు దాకా వచ్చేసరికి నువ్వు రుద్రవరం బస్సు ఎక్కేశావు. చిన్నాయన ఇంట్లోనే ఉంటావని తెలిసి అక్కడికే రాస్తున్నాను. నీ ముందు ఏడవకూడదనుకుని వచ్చాను. నువ్వు పోయాక బస్టాండులో బాగా ఏడ్చాను. సోడా అమ్మే ఆయన భయపడి ఊరికే సోడా ఇచ్చాడు.

నువ్వేం చెప్పావో నీకు గుర్తుందో లేదో. బోనులో నువ్వు బెదిరిపోయి నేలనే చూస్తుండడం నేను చూశాను. అందుకే నువ్వు చెప్పింది నీకే రాస్తున్నాను.

కొండయ్య గారు మిల్లు వాళ్ళందరితో వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. ఇన్సూరెన్సు వకీలు అడిగినవన్నిటికీ వాళ్ళు కోరినట్టే చెప్పావు. చెయ్యెత్తినావా? "ఎత్తినా సామీ." ఎర్రగుడ్డ ఉండెనా? "ఉండె." కూతురు చూసిందా? "సూసింది. నా కండ్లలోకే సూసింది." ఆగిందా? "ఆగల్యా." ఇంక చాలు అన్నట్టు ఆయన కూర్చున్నాడు. శివకుమార్ నా వైపు చూసి మీసం సర్దుకున్నాడు.

శేషాద్రి గారు లేచి, కాగితం కూడా చూడకుండా అడిగారు.

"సుంకన్నా, నీ పని ఏమిటి?"

"కారొచ్చేతప్పుడు రోడ్డు నిలబెట్టేది సామీ."

"ఎందుకు నిలబెట్టాలి?"

"కారు నిలబడదు గదా."

జడ్జి గారు రాస్తున్నది ఆపి తలెత్తారు. "నిలబడదా? ఎప్పుడూ నిలబడలేదా?" అని అడిగారు.

"యానాడూ నిలబడల్యా సామీ. నిలబడేదే అయితే నన్నెందుకు పెట్టుకుంటాడు?"

నువ్వు తెలిసే అన్నావో, అడిగితే ఉన్నది చెప్పావో నాకు ఇప్పటికీ తెలియదు, అడగను కూడా. ఇన్సూరెన్సు వకీలు గబగబా లేచాడు. చెయ్యెత్తితే అందరూ ఆగుతారు కదా, నీ కూతురొక్కతే ఎందుకు ఆగలేదు, అది ఆమె తప్పు కాదా అని గద్దించాడు. నువ్వు బోను కర్ర పట్టుకున్నావు. తలెత్తి ఆయన్నే చూశావు.

"అందరూ ఆగినారు సామీ. ఆగబట్టే ఇన్నాళ్ళూ యెవురికీ ఏం కాల్యా. పెట్టెలో ఉండే శవాన్ని గూడా ఆపినా నేను. ఆ యవ్వ నన్ను భూమ్మీద వేసిన మనిషి. ఆ పాపం నాది, దాన్ని నేనే మోసుకుంటా. నా కూతురు ఆగల్సిన పనిల్యా. ఆగనందుకు దానిది తప్పంటే, ఆగిన మేమంతా ఏం చేసినట్టు?"

వకీలు కూర్చున్నాడు. శేషాద్రి గారు మళ్ళీ లేవనేలేదు.

బయట వరండాలో కొండయ్య గారు నిన్ను పిలవడం చూశాను. "గేటు తాళంచెవి ఇయ్యి సుంకన్నా" అన్నారు. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి ఇచ్చావు. ఎర్రగుడ్డ కూడా ఇమ్మని శివకుమార్ చెయ్యి చాపాడు. "అది మాత్రం నాదప్పా. నేను కొనుక్కున్న తుండు" అని భుజాన వేసుకుని దిగిపోయావు. అంత కష్టంలో కూడా నాకు నవ్వొచ్చింది. నిన్ను ఆ మెట్ల మీద చూసినట్టు ఎప్పుడూ చూడలేదు. ఎవరి కోసమూ పక్కకు జరగకుండా దిగావు.

గది పోయింది, కొలువు పోయింది. దానికి నేనే కారణం. క్షమించమని మాత్రం అడగను నాయనా, అడిగితే నువ్వు చేసినదాన్ని చిన్నది చేసినట్టవుతుంది.

నీకు పుట్టినందుకు తలెత్తుకున్న,
లూదియా


ఆళ్ళగడ్డ
మార్చి 2000

రుద్రవరంలో తమ్ముడి చేలో కాపలా కూర్చుని నా మాట వినని నాయనకు,

తీర్పు వచ్చింది. శేషాద్రి గారు నకలు తెప్పించి చదివి వినిపించారు. చాలా ఇంగ్లీషు ఉంది, కానీ ఒక చోట ఆపి తెలుగులో చెప్పారు. పక్కదారి నుంచి వచ్చిన కారు ఆగి దారివ్వకపోవడమే ప్రమాదానికి కారణమట. మోపెడ్ నడిపిన ఆమె తప్పు ఏమీ లేదట. సగం కాదు, పావు కాదు, ఏమీ లేదు. రోడ్డు ఆపడానికి ఒక మనిషిని జీతానికి పెట్టుకోవడమే ఆ కారు ఆగేది కాదనడానికి సాక్ష్యమని జడ్జి గారు రాశారు. నీ మాటే నాయనా, ఇంగ్లీషులో కోటు వేసుకుని కూర్చుంది.

పరిహారం ఇన్సూరెన్సు వాళ్ళు కడతారు. దాని సంగతి నువ్వొచ్చాక మాట్లాడుకుందాం. గోవిందమ్మ పెద్దమ్మ మాత్రం ఇప్పటికే నాలుగు రకాలుగా ఖర్చు పెట్టేసింది, మాటల్లో.

ఆళ్ళగడ్డలో మళ్ళీ డ్యూటీలో చేరాను. ఒక గది, వంటిల్లు, ముందు కాస్త వసారా. మోపెడ్ బాగు చేయించాను. పొట్టికాలికి బండే హాయి, నేల మీద కంటే దాని మీదే నేను సరిగ్గా ఉంటాను.

నిన్న బుధవారం. టీకాల పెట్టె కట్టుకుని నంద్యాల రోడ్డున పోతున్నాను. మిల్లు దగ్గరికి వచ్చేసరికి హారన్ వినబడింది. బ్రేకు మీదికి చెయ్యి పోయింది, అబద్ధమెందుకు. గేటు తీసి ఉంది. రోడ్డు మీద ఎవరూ చెయ్యెత్తలేదు. తెల్ల అంబాసిడర్ దుమ్ము లేపుకుంటూ మట్టిదారి చివరికి వచ్చింది.

వచ్చి ఆగింది.

కొండయ్య గారే తోలుతున్నారు. ఇద్దరం చూసుకున్నాం. నేను నమస్కారం పెట్టలేదు, మొహం తిప్పుకోలేదు. బండి మాత్రం కొంచెం నెమ్మది చేశాను. కావాలనే చేశాను నాయనా. నా ముందు గడ్డిమోపు ఎత్తుకుని ఒక ముసలామె పోతోంది, ఆమె కూడా మెల్లగా దాటాలి కదా. ఆమె ఎప్పటి అలవాటు కొద్దీ ఆగబోయింది. "పో అవ్వా, పో, ఆయన ఆగినాడు" అన్నాను. ఆమె నమ్మలేదు. మోపు కింది నుంచి తొంగి చూసి, నిజమేనని చూసుకుని, అప్పుడు అడుగేసింది. మేమిద్దరం దాటేదాకా ఆ కారు అక్కడే నిలబడి ఉంది.

చేలో కాపలా ఇక చాలు. శనివారం బస్సుకు వచ్చెయ్యి. వచ్చేటప్పుడు ఆ ఎర్రతుండు తీసుకురా, టీకాల పెట్టె కట్టే తాడు తెగిపోయింది. వచ్చే బుధవారం నువ్వు నా వెనక కూర్చో. ఆ మిల్లు దారి దగ్గర చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చో, చాలు.

ఎదురు చూస్తూ,
నీ పాప లూదియా